చేశానట

చిరంజీవి పిచ్చుకకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కింద షాపు యజమానీ, ఆయన ఇంటివాళ్లూ. యజమాని మోకాళ్లు మాత్రం క్షేమంగా లేవు. మెట్టు మెట్టుకీ వాటిని తిట్టుకుంటూ ఎక్కుతాడు. అక్కడ నువ్వూ, మీ పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిన్నిని అడిగానని చెప్పు. మొహం తిప్పుకుంటే బలవంతపెట్టకు. తోడబుట్టినదాన్ని పోగొట్టుకున్న మనిషి. ఇన్నేళ్లూ ఒకణ్ణి తిట్టుకుంటూ బతికింది. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఎక్కడ పారబోయాలో ఆవిడకి మాత్రం ఏం తెలుస్తుంది?

జవాబు ఆలస్యమైంది. బద్ధకం కాదు తల్లీ. మొదలుపెట్టడం, చించడం, మళ్లీ మొదలుపెట్టడం. చెత్తబుట్ట నిండేసరికి యజమాని చూసి, "ఏంటయ్యా, ఈ వయసులో ప్రేమలేఖలా?" అన్నాడు. "మా అమ్మాయికండీ" అన్నాను. ఆ మాట పైకి అని ఎన్నాళ్లయిందో.

నువ్వు చాలా అడిగావు. సులువైనవాటితో మొదలుపెడతాను. కష్టమైనది చివరికి ఉంచాను. మధ్యలో మడిచి పక్కన పెట్టెయ్యకు.

తింటున్నాను. ఒళ్లు కూడా చేశాను. షాపు పైన గది ఇచ్చారు, కిటికీ వీధిలోకి ఉంది. పొద్దున్నే పాలబండి వాడి హారను, ఆ వెనకే బడిపిల్లల గోల. పని కూడా పాత పనే. ఫొటోఫ్రేములు, బీరువా అద్దాలు, కిటికీ రెక్కలకి గాజు. ఇన్నేళ్లు కట్టర్ పట్టలేదు కదా, చెయ్యి మరిచిపోయి ఉంటుందని భయపడ్డాను. మరిచిపోలేదు. గాజు మీద గీత సన్నగా కూసిన చప్పుడు వినపడగానే మణికట్టు దానంతట అదే తిరిగింది. మరిచిపోయింది ధరలు. ఒకావిడ అద్దం బేరమాడుతుంటే నేను పాత రేటు చెప్పాను. ఆవిడ సంతోషంగా ఒప్పేసుకుంది, యజమాని లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్లనొప్పులున్న మనిషి అలా పరుగెత్తడం అదే మొదటిసారిట.

నువ్వు పిల్లలకి ఈత నేర్పుతున్నావని చదివి పగలబడి నవ్వాను. తలమీద చెంబుడు నీళ్లు పోస్తేనే వీధంతా వినపడేలా ఏడ్చేదానివి. మీ అమ్మ నిన్ను పట్టుకోవడానికి చీర కుచ్చిళ్లు దోపుకుని యుద్ధానికి వెళ్లినట్టు వెళ్లేది.

ఇక రెండో ప్రశ్న. "నిన్ను కొట్టారా నాన్నా?" అని అడిగావు. అందరూ ముందు అదే అడుగుతారు. కొట్టారంటే వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. అబద్ధం చెప్పను. నన్నెవరూ కొట్టలేదు. ఒక్కసారి, నన్ను ప్రశ్నించిన ఇద్దరు పోలీసుల్లో మొరటు వాడు, బల్ల మీద గట్టిగా చరిచాడు, అంతే. కొట్టి ఉంటే నేను మొండికేసేవాణ్ణేమో. కొట్టేవాణ్ణి నమ్మం కదా.

రెండోవాడు నెమ్మదస్తుడు. పేరు వద్దు, నెమ్మదాయన అందాం. తల నెరుస్తున్న మనిషి, గొంతు పెంచడం రాదేమో అనిపించేలా మాట్లాడేవాడు. నన్ను తీసుకెళ్లేటప్పుడు, "రెండు మాటలు అడిగి పంపించేస్తామండీ, చెప్పులేసుకోండి" అన్నాడు. అప్పటికి మీ అమ్మ ఇంకా వెనక గదిలోనే ఉంది, దుప్పటి కప్పి. నాకు జ్వరం. షాపు నుంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చి, రెండు మాత్రలు మింగి పడుకున్నానని నీకు తెలుసు. పిన్ని కేక వినిపించే దాకా నాకు ప్రపంచం తెలియదు. లేచి వెళ్లేసరికి మీ అమ్మ నేల మీద ఉంది. చుట్టూ ఆమె ఇస్త్రీకి తెచ్చుకున్న లాడ్జివాళ్ల దుప్పట్లు, కొన్ని ఇస్త్రీ చేసి మడిచినవి, కొన్ని చెయ్యనివి. నేను తాకబోతే ఎవరో వెనక్కి లాగారు. అంతే, మళ్లీ ఆమెని చూడలేదు.

స్టేషన్లో నన్ను కూర్చోబెట్టిన గదికి కిటికీ లేదు. ఒక బల్ల, మూడు కుర్చీలు, పైన ట్యూబులైటు. నా కుర్చీకి ఒక కాలు పొట్టి. అటు ఒరిగితే అటు, ఇటు ఒరిగితే ఇటు. ఏసీ చలికీ జ్వరానికీ పళ్లు కొట్టుకుంటున్నాయి. నెమ్మదాయన బయటికెళ్లి ఒక శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పాడు. తల్లి కప్పినట్టు కప్పాడు. ఆ క్షణంలో ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది. తర్వాత నేను "నేను కాదండీ" అన్నప్పుడల్లా ఆ శాలువా తీసి తన కుర్చీకి వేసుకునేవాడు. కోపంగా కాదు, మరిచిపోయినట్టు. నేను మాట వింటున్నట్టు కనపడితే మళ్లీ కప్పేవాడు. ఇది నేను ఆ రోజు గమనించలేదు. జైల్లో కొన్నేళ్లయ్యాక, ఒకసారి స్నానం చేస్తుంటే తట్టింది.

"నేను కాదు" అని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. మాట పూర్తి కానిచ్చేవాడు కాదు. అరచెయ్యి ఎత్తి, "ఆ మాట తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి" అనేవాడు. తర్వాత అనేది ఎప్పటికీ రాలేదు. నా చేతులు చూపించమన్నాడు. గాజు పని వాడి చేతులు ఎలా ఉంటాయో నీకు తెలుసు, చిన్నప్పుడు నువ్వే వాటి మీద పసుపు రంగు క్రేయానుతో మందు రాసేదానివి. బొటనవేలి కింద ఒక తాజా గాటు ఉంది.

"ఇది ఎప్పుడు తగిలిందండీ?"

"గుర్తులేదండీ. పనిలో తగులుతూనే ఉంటాయి."

"గుర్తులేదు." ఆయన ఆ మాటని నోట్లో చప్పరించినట్టు అన్నాడు. "చూశారా, మీకు గుర్తులేనివి కూడా ఉంటాయి."

అక్కడ మొదలైంది తల్లీ. గాటు ఎప్పుడు తగిలిందో తెలియని వాడివి, ఇంకేం తెలుసు నీకు? జ్వరంలో మాత్ర వేసుకున్నావు. ఆ మాత్ర మగత తెస్తుందని డబ్బా మీదే రాసుంది. మగతలో లేచి నడిచేవాళ్లు లేరా? మాట్లాడేవాళ్లు లేరా? మొరటు వాడు, "ఏరా, ఎన్నాళ్ల నుంచి ప్లాను?" అంటాడు. నెమ్మదాయన వాణ్ణి బయటికి పంపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా మోకాలి మీద చెయ్యి వేస్తాడు. "అతని మాటలు పట్టించుకోకండి. ఇలాంటివి చేసేవాళ్లు రెండు రకాలండీ. కావాలని చేసే దుర్మార్గులు ఒక రకం. ఒక్క క్షణం మతి తప్పిన మంచివాళ్లు రెండో రకం. అతను మిమ్మల్ని మొదటి రకం అంటున్నాడు. నేను కాదంటున్నాను. మీరే చెప్పండి, ఏ రకం?"

మూడో రకం ఉందని నాకు తోచలేదు. నాకెందుకు తోచలేదో నన్ను నేను చాలా ఏళ్లు అడుగుతూ వచ్చాను. నిద్ర లేదు, చలి, జ్వరం, పెళ్లాం చచ్చిపోయింది, ఏడవనివ్వడం లేదు. "మంచివాళ్లండీ" అన్నాను. ఆయన ఊపిరి వదిలి, కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు పిచ్చుకా. నాటకం అనుకోకు. ఆయన నేనే చేశానని నమ్మాడు. నన్ను రక్షిస్తున్నాననుకున్నాడు. నమ్మినవాడికి అబద్ధం ఆడుతున్నానన్న బాధ ఉండదు.

ఇక నువ్వు కింద గీత గీసి అడిగిన ప్రశ్న. పద్దెనిమిది నిండగానే కోర్టుకెళ్లి ఆ రికార్డింగు విన్నానని రాశావు. "ఇస్త్రీపెట్టెతో కొట్టాను అని నీ గొంతుతో చెప్పావు నాన్నా. ఆ సంగతి పేపర్లో కూడా రాలేదట. చేసినవాడికి తప్ప తెలియదని జడ్జి గారు రాశారు. నీకెలా తెలిసింది?"

మనం పొడుపుకథలు ఆడుకునేవాళ్లం గుర్తుందా? నువ్వు విప్పలేకపోతే నేను కొంచెం కొంచెం అందించేవాణ్ణి. అలాగే.

"దేంతో కొట్టారు?"

"చేత్తో అనుకుంటానండీ."

"చెయ్యి కాదు. ఆలోచించండి."

"సుత్తి?"

"మీ పనిముట్లు కాదు. ఆవిడవి. రోజూ ఆవిడ చేతిలో ఉండేది."

"కత్తెరా?"

"బరువైనది. వేడెక్కేది."

"ఇస్త్రీపెట్టా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మొరటు వాడి వైపు చూసి తలాడించాడు. పరీక్షలో సరైన జవాబు చెప్పిన పిల్లాడిలా నాకు ఒక రకమైన తృప్తి కలిగింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, తృప్తే కలిగింది. నేను అడిగిన ప్రశ్న కాగితం మీదికి జవాబుగా ఎక్కింది. మీ అమ్మ ఏ వైపు పడిందో, దీపం వేసుందో లేదో, వెనక తలుపు గడియ సంగతి, అన్నీ ఇలాగే విప్పాను. తప్పు చెబితే, "అలసిపోయారు, మళ్లీ ఆలోచించండి" అనేవాడు. ఒప్పయితే టీ వచ్చేది.

రికార్డింగు అదంతా అయ్యాక పెట్టారు. నువ్వు విన్నది రెండోసారి తీసింది. మొదటిది పనికిరాదన్నారు. ఎందుకో తెలుసా? అందులో నేను, "వెనక గదిలోకి వెళ్లానట, మాటా మాటా పెరిగిందట, ఇస్త్రీపెట్టె తీశానట" అని చెప్పాను. నాకు తెలియకుండానే నోట్లోంచి అలా వచ్చింది. మన మాటలో ఉన్న గుణం అది, కంటితో చూడనిదాన్ని చూశానని నాలుక అనలేదు. నెమ్మదాయన మిషను ఆపేశాడు.

"ఈ 'అట' ఏంటండీ? పక్కింటివాళ్ల ముచ్చట చెప్తున్నారా? వెళ్లాను, తీశాను, కొట్టాను. అలా అనండి."

"గుర్తులేదు కదండీ, అందుకని..."

"నోటితో అంటే అదే గుర్తొస్తుంది. అనండి."

అన్నాను. ఆయన చెప్పింది నిజమే. అనగా అనగా గుర్తు రావడం మొదలైంది. ఇస్త్రీపెట్టె పిడి చేతికి వెచ్చగా తగలడం, మీ అమ్మ తల తిప్పి చూడడం. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ చూపు కనపడుతుంది. అది ఎన్నడూ జరగలేదని తెలిసిన ఈ రోజున కూడా కనపడుతుంది.

అది అబద్ధమని కోర్టులో ఎందుకు చెప్పలేదన్నావు. ఒక ఉత్తరంలోనైనా "నేను చెయ్యలేదమ్మా" అని ఎందుకు రాయలేదన్నావు. నీ పుట్టినరోజుకి పంపిన ఉత్తరాల్లో దీవెనలు తప్ప ఇంకేం ఉండేవి కావని, అవన్నీ విప్పకుండానే దాచావని, ఈ మధ్యే విప్పావని రాశావు. ఆ జవాబు కాస్త ఆగి చెబుతాను. ముందు బయటికి ఎలా వచ్చానో చెప్పాలి. పేపర్లో సగమే రాశారు.

జైల్లో మా బ్లాకుకి ఒక లాయరమ్మ వచ్చేది, అందరూ ఆవిడని కందిరీగ అనేవాళ్లు. సన్నగా ఉంటుంది, కుట్టిందంటే ఆఫీసర్లు ఎగిరి పడాల్సిందే. వేరేవాడి కేసు కోసం వచ్చి, నా కాగితాలు కూడా చదివింది. వెనక మెట్ల గోడ మీద ఒక అరచేతి ముద్ర ఉందని మొదటి రోజే రాసిపెట్టారట. నాది కాదు, మీ అమ్మది కాదు, ఇంట్లో ఎవరిదీ కాదు. మనిషి ఒప్పుకున్నాక ఇక గోడని ఎవరు అడుగుతారు? పక్కన పడేశారు. కందిరీగ దాన్ని బయటికి లాగి, పట్టుబట్టి మళ్లీ పోల్చమంది. ఇంకో ఊళ్లో, పగటిపూట ఇళ్లల్లో దూరి ఆడవాళ్ల మెడలో, చెవులకి ఉన్నవి లాక్కుపోయే వాడొకడు జైల్లో ఉన్నాడు. వాడిది ఆ చెయ్యి.

ఆవిడ ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు, "వాడు ఒప్పుకున్నాడు కూడా" అంది.

"ఎంతసేపు కూర్చోబెట్టారండీ వాణ్ణి?" అన్నాను.

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "ముద్ర ముందు దొరికింది, మాట తర్వాత వచ్చింది. మీ విషయంలో మాటే ముందొచ్చింది" అంది.

విడుదల రోజున కోర్టు వరండాలో నెమ్మదాయన కనిపించాడు. రిటైరయ్యాడు, చేతికర్ర పట్టుకున్నాడు. నా దగ్గరికొచ్చి, అదే గొంతుతో, "ఆరోగ్యం ఎలా ఉందండీ?" అన్నాడు. నేను లేచి నిలబడి, "బాగుందండీ" అన్నాను. చేతులు కట్టుకుని మరీ అన్నాను. కందిరీగ మొహం ఎర్రబడింది. ఏం చెయ్యను, నా కాళ్లు వాటంతటవే లేచాయి. ఆయన చేతికర్ర ఊనుకుంటూ వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ కష్టమైనది. కూర్చుని చదువు.

ఇల్లు చేరాలన్న ఆశతో ఒప్పుకున్నానని కందిరీగకి చెప్పాను. ఆవిడ కోర్టులో కూడా అదే చెప్పింది. అది పావు వంతు నిజం. మిగతాది ఎవరికీ చెప్పలేదు.

మంచివాళ్లం, మతి తప్పినవాళ్లం అని అన్నాక కూడా నేను సంతకం పెట్టలేదు. పెన్ను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. "నాకు గుర్తులేనిది ఎలా ఒప్పుకోనండీ" అన్నాను. అప్పుడు నెమ్మదాయన జేబులోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నీ తలకి పెట్టుకునే పసుపు క్లిప్పు. సీతాకోకచిలుక బొమ్మది, ఒక రెక్క విరిగింది.

"మీ పాప పక్క గదిలో ఉంది. మా మేడమ్‌తో మాట్లాడింది" అన్నాడు.

"ఏడుస్తోందా?"

"ఏడ్చింది. తర్వాత చెప్పింది. తలుపు దగ్గర నిలబడి చూసిందట. నాన్న అమ్మని కొట్టాడని చెప్పింది."

నేను ఏమన్నానో తెలుసా? "మా పిచ్చుక అబద్ధం చెప్పదండీ" అన్నాను. గొప్పగా అన్నాను. షాపులో నిలువుటద్దం పగిలినప్పుడు, ఎవరూ చూడకపోయినా, నా చొక్కా పట్టుకుని లాగి, "నేనే పగలగొట్టాను, తిట్టు" అని నిలబడ్డ పిల్లవి నువ్వు. నీ గురించి నాకు తెలిసినంత ఖాయంగా నా గురించి నాకు తెలియదు.

"అందుకే మీకు చెబుతున్నాను" అన్నాడాయన. "మీరు కాదంటే, రేపు పాపని కోర్టులో నిలబెట్టి అదే మాట చెప్పించాలి. అంతమంది మధ్య. మీ ఎదురుగా. మీ ఇష్టం."

సంతకం పెట్టాను. నిన్ను నిలబెట్టకూడదని పెట్టాను. అంతకంటే ముందు, నువ్వు చూశావు కాబట్టి నేను చేసే ఉంటానని నమ్మి పెట్టాను. ఆ తర్వాతే ఆ 'అట' పుట్టింది. నువ్వు చెప్పావట, నేను చేశానట.

ఇన్నేళ్లూ అదే నమ్మాను. అందుకే ఏ ఉత్తరంలోనూ "నేను చెయ్యలేదు" అని రాయలేదు. కళ్లారా చూసిన పిల్లకి అలా ఎలా రాస్తాను? నువ్వు జవాబు రాయకపోవడం న్యాయమే అనుకున్నాను. అరచేతి ముద్ర సంగతి విన్నప్పుడు కూడా పైకి తలాడించాను, లోపల మాత్రం, ఎవడో మెట్ల దాకా వచ్చి ఉంటాడు, వాడికి శిక్ష తగ్గుతుందని ఏదో ఒప్పుకుని ఉంటాడు, నా కూతురు చూసింది కదా అనుకున్నాను. కోర్టు నిర్దోషినని చెప్పిన రోజున అందరూ చెయ్యి కలుపుతుంటే, దొంగతనంగా బయటికి పోతున్నవాడిలా తల వంచుకుని నడిచాను. కందిరీగకి ఇదంతా చెబితే నిన్ను పిలిపిస్తుందని చెప్పలేదు.

నిద్ర బాగా పడుతోందా అన్నావు. ఇక్కడికి వచ్చిన రోజే యజమానిని బతిమాలి, పడుకునే ముందు నా గదికి బయటినుంచి గొళ్లెం పెట్టించుకున్నాను. జైలు అలవాటండీ, లేకపోతే నిద్ర పట్టదు అన్నాను. అబద్ధం. మగతలో మనిషిని చంపినవాడు మళ్లీ మగతలో లేస్తే? కింద ఆయన భార్య, కోడలు పడుకుంటారు. ఆ మోకాళ్లతో పాపం రోజూ ఎక్కి గొళ్లెం పెట్టి దిగేవాడు. "నా దగ్గరికి వచ్చెయ్యి నాన్నా" అని నువ్వు రాసిన మాట చదివి మురిసిపోయి, వెంటనే భయపడ్డాను. రాకూడదనే అనుకున్నాను. షాపులో పని ఎక్కువగా ఉందని రాద్దామని, అలాగే రాసి, చించేశాను.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. మూడో పేజీ మొదట్లో, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు రాశావు: "అప్పుడు నన్ను ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు. పిన్ని నన్ను ఎత్తుకుని తన ఇంటికి తీసుకుపోయింది. నేను నీ పక్కనే పడుకుని ఉన్నాను, నువ్వు గురక పెడుతున్నావు, నీ ఒళ్లు కాలిపోతోంది. వెనకనుంచి ఏదో పడ్డ చప్పుడు వినిపించింది. అమ్మ ఏదో పడేసిందనుకున్నాను. పెద్దయ్యాక నీ గొంతు విని, చిన్నప్పటి జ్ఞాపకం కదా, నాదే పొరపాటు అనుకున్నాను."

మొదటిసారి చదివినప్పుడు అది నా బుర్రకెక్కలేదు. పైనుంచి జారిపోయింది. రెండోసారి "గురక" దగ్గర ఆగాను. నువ్వు పోలీస్ స్టేషనుకి రానే లేదు. ఆ క్లిప్పు మన ఇంట్లో నేల మీద ఏరుకున్నది. నువ్వు చూసింది ఒక్కటే, మీ నాన్న నిద్రపోవడం.

చూశావా, నీ మాట అని చెబితే నా మనసుని నేను కాదనుకున్నాను. నా గొంతు విని నీ కళ్లని నువ్వు కాదనుకున్నావు. మధ్యలో మనిద్దరినీ ఎవరూ ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు.

ఇది చదివాక నువ్వు ఏం ఆలోచిస్తావో నాకు తెలుసు. అప్పుడే ఎవరి దగ్గరికైనా వెళ్లి చెప్పి ఉంటే అని. నాలుగో క్లాసు పిల్లవి, ఎవరికి చెబుతావు? ఇంకోటి కూడా ఆలోచిస్తావు, చప్పుడు వినగానే లేచి వెళ్లి ఉంటే అని. లేచి వెళ్లి ఉంటే వాడు నిన్ను కూడా వదిలేవాడు కాదు. నా జ్వరం ఒంటికి అతుక్కుని నువ్వు అక్కడే పడుకున్నావు, అందుకే ఈ రోజు నాకు ఉత్తరం రాయడానికి ఒక మనిషి ఉంది. ఈ విషయంలో నాతో వాదించకు.

ఆ రోజు కిందికి దిగి, యజమాని ఫ్రేముకి మేకులు కొడుతుంటే ఎదురుగా నిలబడ్డాను. "ఏవండీ, నేను చెయ్యలేదు" అన్నాను.

"ఏంటి చెయ్యలేదు? ఆ డాక్టరు గారి అద్దమా?"

"మా ఆవిడని. నేను చంపలేదు."

ఆయన నోట్లో మేకులు పెట్టుకుని నా వైపు ఎగాదిగా చూశాడు. "తెలుసు కదయ్యా, పేపర్లో వచ్చిందిగా" అన్నాడు. తర్వాత ఏమనిపించిందో మేకులు తీసి పక్కన పెట్టి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అక్కడే, గిరాకీలు వచ్చిపోతుండగా, ఏడ్చాను. నా కోసం కాదు. మీ అమ్మ కోసం. ఆమె పోయి ఇన్నేళ్లయింది, నేను ఆమె కోసం ఒక్కసారీ ఏడవలేదు. చంపినవాడికి ఏడ్చే హక్కు ఎక్కడిది? కన్నీళ్లు వస్తే మింగేవాణ్ణి. ఇస్త్రీ చేస్తూ ఒకే పాటని తప్పు తప్పుగా పాడేది, నేను సరిచేస్తే, "నా పాట నా ఇష్టం, నువ్వు గాజు కోసుకో" అనేది. ఆ గొంతు ఇన్నేళ్ల తర్వాత ఆ రోజు వినిపించింది. యజమాని వచ్చినవాళ్లకి, "ఇవాళ కొలతలు లేవు, రేపు రండి" అని చెబుతూ కూర్చున్నాడు.

గొళ్లెం తీయించేశాను. అయినా నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఆ వెచ్చటి పిడి, ఆ చూపు ఇంకా వస్తున్నాయి. జరగనివి కూడా ఒకసారి లోపలికొస్తే అంత తొందరగా పోవు కాబోలు. వాటితోనే ఉండాల్సి వస్తుందేమో. నీకు అంతా బాగైపోయిందని రాయలేను, ఇంతదూరం నిజం రాశాక.

వస్తున్నాను. యజమాని సెలవిచ్చాడు. బస్సు దిగాక నేరుగా మీ ఇంటికి రాను. పిన్నికి కొంచెం సమయం ఇవ్వు. నువ్వొక్కదానివే బస్టాండుకి రా. మీ అమ్మని ఎక్కడ సాగనంపారో నాకు తెలియదు తల్లీ. నన్ను రానివ్వలేదు, ఆ తర్వాత అడగడానికి నాకు నోరు రాలేదు. చంపానని నమ్మినవాడు ఆ చోటు ఎక్కడుందని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? ఇప్పుడు ఆమె మొగుణ్ణి కాబట్టి అడుగుతున్నాను. ముందు నన్ను అక్కడికి తీసుకెళ్లు. మనం ఎక్కువసేపు ఉండక్కర్లేదు. నువ్వు కాస్త దూరంగా నిలబడు, నేను ఆమెతో మాట్లాడాలి.

ఇట్లు,
నీ నాన్న